విమలక్క పాదరక్ష పువ్వు

విమలక్కకి కోపం వస్తే అరవదు. పప్పులో పోపు వెయ్యడం మానేస్తుంది. పిల్లలిద్దరి గిన్నెల్లోనూ, తన గిన్నెలోనూ వేసుకుని, మొగుడి గిన్నె మాత్రం అలాగే చప్పగా బల్ల మీద పెడుతుంది. చికాగో దగ్గర అరోరాలో మా తెలుగు సంఘం వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆదివారం ఆరాధనలో ఆవిడ భర్త సుందర్ రాజ్ గారి మొహం చూసి, ఆ వారం ఆయనకి పోపు దొరికిందో లేదో చెప్పేవాళ్ళం. మామూలుగా ఆ శిక్ష రెండు మూడు రోజులకి మించదు. 1983 మే నెలలో మొదలైంది మాత్రం మరుసటి ఏడు దాకా సాగింది. దానికి కారణం ఒక పువ్వు.

విమలకుమారిది రేపల్లె. గుంటూరులో బి.ఎస్సీ చదివింది. ఇక్కడికొచ్చాక కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసే లేబ్‌లో ఉద్యోగం దొరికింది. రోజంతా అద్దాలతో పని కాబట్టి దేన్నైనా దగ్గరగా, తాపీగా చూడటం ఆవిడకి అలవాటు. సుందర్ రాజ్ గారిది చీరాల దగ్గర పల్లె. రోడ్డు వేసే యంత్రాలు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారిపోయేదాకా ఆపని మనిషి. మంచివాడే. మంచివాళ్ళతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, తాము చేసేది మంచిపనే కదా అని ఎవర్నీ అడక్కుండా చేసేస్తారు.

వాళ్ళు ఇల్లు కొన్నది 1979లో. ఆ జనవరిలో చికాగో చుట్టుపక్కలంతా కార్లు మునిగిపోయేలా మంచు పడింది. అది కరిగాక, మా వీధికి దగ్గర్లోనే ఒక పాత ఇంట్లోకి దిగారు. ఇంటికి ఉత్తరం వైపు ఇరుకైన పెరడు. ఎప్పుడూ నీడ, ఎప్పుడూ తేమ. అక్కడ గోంగూర రాదు, టమాటా రాదు. కూరకి పనికిరాని నేల నేలే కాదని నా నమ్మకం. నేనా మాట విమలక్కతో అంటే నవ్వి ఊరుకునేది.

ఆ పెరటికి కంచె అవతల ఉండేది క్రౌస్ అనే ముసలావిడ. ఆవిడతో స్నేహం ఎలా కుదిరిందంటే, ఒక మధ్యాహ్నం కంచె దగ్గర నిలబడి ఆవిడ కళ్ళజోడు విప్పి చూసుకుంటోంది. మర ఊడి గడ్డిలో పడిపోయింది. విమలక్క హేండ్‌బ్యాగులో చిన్న స్క్రూడ్రైవరూ, మరలున్న డబ్బా ఎప్పుడూ ఉంటాయి, మనకి సేఫ్టీ పిన్నులున్నట్టు. అక్కడికక్కడే బిగించి ఇచ్చింది. ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని, థాంక్స్ అయినా చెప్పకుండా, "ఇటు రా, నీకొకటి చూపిస్తాను" అని తన పెరట్లోకి తీసుకెళ్ళింది.

అక్కడ ఓక్ చెట్టు నీడలో ఒక గుబురు. మూరెడెత్తు కాడలు, కాడ పొడుగునా గాడులు పడ్డ వెడల్పాటి ఆకులు, ప్రతి కాడ కొసనా ఒక్కటే పువ్వు. పువ్వంటే మనమనుకునే పువ్వు కాదు. చిన్న కోడిగుడ్డంత పసుపుపచ్చ సంచి వేలాడుతూ ఉంటుంది. దానికి రెండు పక్కలా గోధుమరంగు రిబ్బన్లు మెలితిరిగి ఉంటాయి. సంచి పైభాగం తెరుచుకుని, కాలు దూర్చడానికి వీలైన జోడులా కనిపిస్తుంది. అందుకే దానికి లేడీస్ స్లిప్పర్ అని పేరు పెట్టారు. ఆర్కిడ్ జాతిదట. ఆర్కిడ్లంటే అద్దాల ఇళ్ళలో వెచ్చగా పెంచుతారు కదా. ఇది మాత్రం ఇల్లినాయి మంచు కింద శీతాకాలమంతా పడుకుంటేగాని పుయ్యదు. ఫాక్స్ నది ఒడ్డున అడవి కొట్టి ఇళ్ళు కట్టేటప్పుడు క్రౌస్ గారి తల్లి అక్కడి నుంచి తవ్వి తెచ్చిందట.

విమలక్క ఆ పూట ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసింది. "ప్లాస్టిక్‌దేమో అనుకున్నానే! ముట్టుకుంటే నిజం పువ్వు. నా జన్మలో ఇలాంటిది చూళ్ళేదు."

"కూరకొస్తుందా అక్కా?" అన్నాను.

"నీ మొహం," అంది.

మరుసటి ఏడు చివర్లో క్రౌస్ గారు ఇల్లు అమ్మేసింది. చూపు తగ్గిపోతోంది. మెట్లు కనబడటం లేదు. పక్క ఊరు బెటావియాలో ముసలివాళ్ళుండే చోటికి వెళ్ళిపోవాలని నిర్ణయించుకుంది. ఆవిడ చివరి కళ్ళజోడు అద్దాలు విమలక్క చేతిమీదుగానే తయారయ్యాయి. అందుకని విమలక్కకి తెలుసు, ఇది అద్దాలతో తీరేది కాదని. కంటి మధ్యలో చూపు చెడిపోతోంది. చుట్టుపక్కల మసకగా కనిపిస్తుంది కానీ, తిన్నగా చూసింది కనబడదు. ఏటేటా కొంచెం కొంచెం పెరుగుతుంది.

వెళ్ళేముందు, ఆకులు పండిపోయిన సెప్టెంబరులో, ముసలావిడ ఆ గుబురు పక్క నుంచి చిన్న ముక్క తీసి విమలక్కకి ఇచ్చింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. తన అరచెయ్యి నేల మీద బోర్లా పెట్టి, వేళ్ళు వెడల్పుగా చాచి, "దీని వేళ్ళు ఇలా పరుచుకోవాలి, కిందికి దిగకూడదు. మొగ్గ మొన మట్టి పైనే ఉండాలి. లోతుగా పెడితే కుళ్ళిపోతుంది," అని చెప్పింది. "ఎప్పుడూ కొయ్యకు. ఎవర్నీ కొయ్యనివ్వకు. పూసినప్పుడు నన్ను పిలువు. నేనొచ్చి చూస్తాను."

"తప్పకుండా పిలుస్తాను," అంది విమలక్క.

కొత్తగా వచ్చినవాళ్ళు ఓక్ చెట్టు కొట్టించి, పెరడంతా కాంక్రీటు పోసి రెండు కార్లకి షెడ్డు కట్టుకున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం, అక్కడ ఏముందో వాళ్ళకి తెలీదు. కానీ ఆ రోజు నుంచి, ముసలావిడ తల్లి తెచ్చిన మొక్కలో మిగిలింది విమలక్క పెరట్లోని ఆ ముక్క ఒక్కటే. ముసలావిడ కళ్ళలో చూపు మిగిలుండగా అది పుయ్యాలి. విమలక్క మనసంతా దానిమీదే ఉండేది.

మొదటి వసంతంలో బొటనవేలంత మొలక వచ్చి, రెండాకులు వేసి ఊరుకుంది. రెండో ఏడు ఒక కాడ, నాలుగాకులు. నేను ఆకు పట్టుకుని చూసి, సాయంత్రం దాకా చెయ్యి గోక్కున్నాను. ఆ ఆకుల మీద నూగు కొందరికి దురద పుట్టిస్తుందట. "పువ్వు లేదు, కాయ లేదు, పైగా దురద," అని తిట్టుకుంటూ చేతికి కొబ్బరినూనె రాసుకుంటే, "నువ్వు దాన్ని కూర వండుకుందామనుకున్నావుగా, తెలిసిపోయింది దానికి," అని విమలక్క నవ్వింది.

1983 మేలో ఆ కాడ కొసన మొగ్గ తొడిగింది.

ఇక్కడ మా సంఘం సంగతి కొంచెం చెప్పాలి. మేం ఒక అమెరికన్ చర్చి కింది హాలు అద్దెకు తీసుకుని, వాళ్ళ ఆరాధన అయిపోయాక ఆదివారం మధ్యాహ్నం తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్ళం. పాస్టర్ దైవాశీర్వాదం గారు వారమంతా గోడౌన్‌లో పనిచేసి, ఆదివారం ప్రసంగం చెప్పేవారు. మన కోస్తా ఊళ్ళ సంఘాల్లో ఉన్నట్టే మాకూ ప్రథమ ఫలాల అలవాటు ఉంది. ఇంట్లో కాసిన మొదటి కాయ, కోడి పెట్టిన మొదటి గుడ్డు మనం తినకూడదు. బల్ల దగ్గర కానుకగా పెట్టాలి. ఆరాధన అయ్యాక పాస్టరు గారు దాన్ని వేలం వేస్తారు. పాట పాడి గెలిచినవాళ్ళు ఇంటికి పట్టుకెళ్తారు, ఆ డబ్బు మందిరానికి. ఒక ఆనపకాయ కోసం ఇద్దరు ఇంజనీర్లు పంతానికి పోయి పాడుతుంటే చూడాలి, సినిమా అక్కర్లేదు.

సుందర్ రాజ్ గారికి ఈ విషయంలో మహా పట్టుదల. చీరాలలో వాళ్ళమ్మ మొదటి మల్లెమొగ్గ దగ్గర్నుంచీ మొదటి దొండకాయ దాకా మందిరానికి మోసుకెళ్ళేదట. "మొదటిది ఇంట్లో ఉంచుకుంటే రెండోది రాదు," అని ఆవిడ చెప్పిన మాట ఆయనకి వేదవాక్యం. వాళ్ళ ఇంటి ముందు ఎండ తగిలే మూల కాసిన మొదటి టమాటా, మొదటి పచ్చిమిరపకాయ, అన్నీ బల్ల దగ్గరికి వచ్చేవి. వేలంలో మాత్రం ఆయన నోరు విప్పేవాడు కాదు. ఇవ్వడం ఆయన వంతు, పాడటం మిగతావాళ్ళ వంతు.

మొగ్గ విచ్చుకున్న రోజే విమలక్క బెటావియాకి ఫోన్ చేసింది. వచ్చే శనివారం తీసుకొస్తానని చెప్పింది. ఆ ఆదివారం ఆవిడకి లేబ్‌లో ఓవర్‌టైము పడింది. పని అయ్యాక నేనే నా కారులో ఎక్కించుకుని ఆరాధనకి తీసుకెళ్ళాను. దారంతా ఆ పువ్వు కబుర్లే. ముసలావిడకి ఏ కుర్చీ వెయ్యాలి, ఎండ ఏ వేళకి ఎటు ఉంటుంది, తల ఎటు తిప్పి చూస్తే బాగా కనిపిస్తుంది, అన్నీ ఆలోచించి పెట్టుకుంది.

మేం హాలులోకి అడుగు పెట్టేసరికి మొదటి పాట మొదలైంది. ముందు బల్ల మీద మా పొడుగాటి ఇత్తడి కూజా. దాంట్లో ఆకులతో సహా నిటారుగా నిలబెట్టి ఉంది, విమలక్క పువ్వు.

నేను అక్క మొహం చూశాను. కళ్ళు ఆ పువ్వు మీదే ఉన్నాయి, పెదాలు పాట పాడుతున్నాయి. పాటంతా పూర్తిగా పాడింది. ఒక్క చరణం కూడా వదల్లేదు. నాకు ఆ రోజు సుందర్ రాజ్ గారిని పట్టుకుని కడిగెయ్యాలనిపించింది. ఆయనేమో ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి, భార్యకి ఏదో బహుమతి ఇచ్చినవాడిలా నవ్వుతున్నాడు. పొడుగు కూజాలోకి సరిపోవాలని నేలకి ఆనించి కాడంతా కోసుకొచ్చాడు మహానుభావుడు.

ఆరాధన అయ్యాక వేలం మొదలైంది. మందిరంలో చెప్పు అనే మాట ఎలా అనాలో తెలియక పాస్టరు గారు కాసేపు తడుముకుని, "ప్రియులారా, ఇది పాదరక్ష పుష్పం," అన్నారు. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. ఎవరో చుట్టంచూపుగా వచ్చిన శశికళ అనే అమ్మాయి పాడి గెలుచుకుని, ఆకులు తుంచి పారేసి, పువ్వు జడలో పెట్టుకుంది. కాలికి ఉండాల్సిన జోడు నెత్తికెక్కిందని వెనకాల ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు.

ఇంటికి వెళ్ళాక వాళ్ళిద్దరి మధ్యా ఏం జరిగిందో విమలక్కే తర్వాత నాకు చెప్పింది. ఆయన అన్న మాట ఒకటే.

"దేవుడికే కదా విమలా ఇచ్చాను! మొదటి పువ్వు ఇంకెవరికిస్తాం?"

"నేను ముందే ఒక మనిషికి మాటిచ్చానండీ," అంది విమలక్క. "ఆవిడకి చూపు పోతోంది. మీ దేవుడికి కళ్ళు బానే కనబడతాయి, కాస్త ఆగేవాడు."

ఆ సాయంత్రమే పప్పులో పోపు మాయమైంది.

బెటావియాకి ఫోన్ చెయ్యడం అన్నిటికన్నా కష్టమైన పని. విమలక్క ఏడుస్తూ చెప్పింది. అవతల ముసలావిడ, "కింద నేల దాకా కోసేశాడా?" అని అడిగింది.

"అవును."

"ఆకులన్నీ పోయాయా?"

"అన్నీ."

"అయితే వచ్చే ఏడు రాకపోవచ్చు. ఆకులు లేకపోతే వేళ్ళకి తిండి లేదు," అంది. "తవ్వి చూడకు. వదిలెయ్."

తిట్టి ఉంటే బాగుండేదని విమలక్క నాతో చాలాసార్లు అంది.

నిజంగానే మరుసటి ఏప్రిల్లో ఆ చోట ఏమీ రాలేదు. చుట్టూ గడ్డి లేచింది, పక్కవాళ్ళ తులిప్పులు పూసి రాలిపోయాయి, ఇక్కడ మాత్రం ఉత్త మట్టి. మే నెల కూడా సగం గడిచింది. ఒక శనివారం నేను వెళ్ళేసరికి విమలక్క చేతిలో చిన్న పార పట్టుకుని అక్కడ గొంతుక్కూర్చుంది.

"బతికుందో లేదో తెలిస్తే చాలు చెల్లీ. లేదని తెలిస్తే ఆవిడకి ఆ మాటే చెప్పేస్తాను," అంది.

పార మట్టికి తగలకముందే సుందర్ రాజ్ గారు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చారు. చెప్పులు కూడా వేసుకోలేదు. వచ్చి ఆ మట్టి పక్కన మోకాళ్ళ మీద కూలబడి, పార మీద చెయ్యి పెట్టారు.

"తవ్వకు విమలా. నీ కాళ్ళు పట్టుకుంటాను, తవ్వకు. ఆవిడ తవ్వొద్దని చెప్పింది. నేను ఒకసారి ఆవిడ మాట వినలేదు. నువ్వు కూడా ఎందుకు వినకపోవడం?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు. అంతకుముందు ప్రార్థనలో ఆయన కన్నీళ్ళు బోలెడుసార్లు చూశాను, వాటికి నేను పెద్దగా విలువిచ్చేదాన్ని కాదు. ఇవి వేరు. విమలక్క పార ఆయన చేతికిచ్చేసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వంటింటి కిటికీలోంచి ఎండుమిరపకాయలూ ఇంగువా వేగిన వాసన వచ్చింది. ఆయన అలాగే మోకాళ్ళ మీద ఉండి, ముక్కు పైకెత్తి వాసన పీల్చారు. ఏడాది తర్వాత దొరికింది మరి.

ఆనాటి నుంచి ఆ మట్టి బాధ్యత ఆయనే తీసుకున్నారు. కుందేళ్ళు రాకుండా కోళ్ళ గూటికి వేసే వల తెచ్చి చుట్టూ కట్టారు. దాని కొలతలకి డ్రాయింగు కూడా గీశారు, ఆయన వృత్తి అది. కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువని ఎవరో చెబితే, కప్పు మీంచి కారే వాన నీళ్ళు పీపాలో పట్టి అవే పోసేవారు. శీతాకాలానికి ముందు ఊరంతా తిరిగి ఓక్ ఆకులు బస్తాల్లో తెచ్చి కప్పేవారు. పొరుగువాళ్ళు తమ చెత్తాకులు ఈయన ఎత్తుకుపోతున్నాడని సంతోషించారు. సాయంత్రం ఆఫీస్ నుంచి రాగానే మడత కుర్చీ వేసుకుని ఆ ఉత్త మట్టి ఎదుట కూర్చునేవారు. వాళ్ళ పెద్దమ్మాయి కిటికీలోంచి చూసి, "మమ్మీ, డాడీ మళ్ళీ డర్ట్‌కి ప్రే చేస్తున్నాడు," అని కేకేసేది.

1985 మే మొదట్లో ఆ మట్టిలోంచి రెండు మొలకలు వచ్చాయి. ఒక మొగ్గ పోతే పక్కనున్న చిన్న మొగ్గలు లేచాయి కాబోలు. రెండూ దర్భపుల్లల్లా సన్నగా ఉన్నాయి. సుందర్ రాజ్ గారు ఆఫీసుకి సెలవు పెట్టేశారు. విమలక్క ఫోన్ చేస్తే ముసలావిడ, "సరే, బతికింది. ఇంక తొందరపెట్టకు," అందట. ఆ తర్వాతి ఏడాది కాడలు లావయ్యాయి, ఆకులు పెరిగాయి, పువ్వు మాత్రం రాలేదు. ఈలోపు క్రౌస్ గారికి పేపరు చదవడం పోయింది. తర్వాత గడియారం చూడటం పోయింది. విమలక్క నెలకోసారి వెళ్ళి, తిన్నగా కాకుండా పక్కకి తిరిగి కంటి అంచుతో చూడటం ఆవిడకి అలవాటు చేయించేది. లేబ్‌లో డాక్టర్లు చెప్పగా విని నేర్చుకున్న కిటుకు. అలా చూస్తే ఇంకా మనుషుల ఆకారాలూ, ముదురు రంగులూ కొంతవరకు తెలుస్తాయి.

1987లో రెండు కాడల మీదా మొగ్గలు వచ్చాయి.

ఇక ఇంట్లో కొత్త చిక్కు మొదలైంది. సుందర్ రాజ్ గారికి నిద్ర పట్టడం లేదు. ఒక సాయంత్రం పాస్టరు గారిని పిలిపించుకుని, మా అందరి ముందే మనసులో మాట బయటపెట్టారు.

"అయ్యగారూ, అప్పుడు నేనిచ్చింది కానుక కాదండి. నాది కానిది ఎత్తుకొచ్చి ఇచ్చాను. ఇంటిదాన్ని ఏడిపించి ఇచ్చాను. అంచేత ఈ మొక్క ప్రథమ ఫలం ఇంకా బాకీయే అనిపిస్తోంది. ఇద్దామంటే కొయ్యాలి. కోస్తే ఇది చచ్చిపోద్ది. నన్నేం చెయ్యమంటారు?"

"కొయ్యడానికి వీల్లేదు," అంది విమలక్క.

"నేను కోస్తానన్లేదు కదా!"

పాస్టరు గారు చాయ్ తాగడం ఆపి ఆలోచించారు. గోడౌన్‌లో బరువులు కదిలించే మనిషి కాబట్టి ఆయన బుర్ర కూడా ఆ దారిలోనే పనిచేస్తుంది. "దీన్ని కదపలేం సరే. మనం కదలొచ్చుగా. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అందరం ఇక్కడికొచ్చేద్దాం. వేలం ఈ పెరట్లోనే పెడదాం. నేలలో ఉన్నది ఉన్నట్టే పాడుకుందాం. గెలిచినవాళ్ళు తమ పువ్వుని ఇక్కడే వదిలి వెళ్తారు."

సుందర్ రాజ్ గారి మొహం వెలిగిపోయింది. ఆ రాత్రి ఆయన విమలక్కతో చెప్పిన మాట ఏమిటంటే, ఈసారి వేలంలో తనే పాడతాడట. ఎంతకైనా సరే పాడతాడట. వేరేవాళ్ళెవరైనా గెలిచి, నా పువ్వు నాకు కావాలి, కోసుకుపోతానంటే ఏం చేస్తాం? జడలో పెట్టుకునే శశికళ లాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఆనపకాయకి కూడా నోరు విప్పని మనిషి పువ్వుకి పాడతాడంటే మేం నమ్మలేదు.

ఆదివారం మధ్యాహ్నం క్రౌస్ గారిని తీసుకురావడానికి నేనూ విమలక్కా బెటావియా వెళ్ళాం. ముసలావిడ పొద్దుటి నుంచే కోటు వేసుకుని కూర్చుని ఉందట. కారు దిగి, చేతికర్ర ఊపుకుంటూ, విమలక్క భుజం పట్టుకుని పెరట్లోకి వచ్చింది. కంచె అవతల తను ఒకప్పుడున్న ఇంటి వైపు మొహం తిప్పనేలేదు. మడత కుర్చీలో కూర్చోబెట్టాం. మొక్క ఆవిడ మోకాళ్ళ దగ్గరే ఉంది. ముందుకు వంగింది. తిన్నగా చూసి, ఏమీ కనబడక, తల మెల్లగా పక్కకి తిప్పింది. ఇంకా కొంచెం తిప్పింది. అక్కడ ఆగిపోయింది.

"పసుపు," అంది. "రెండు ఉన్నాయి."

విమలక్క ఆవిడ పక్కన గడ్డిలో కూలబడి, ఆవిడ కోటు అంచు పట్టుకుని ఏడ్చేసింది. నేను కూరల మనిషినని ముందే చెప్పాను. నాకూ కళ్ళు తడిశాయి.

ఇంతలో సంఘమంతా దిగింది. డ్రైవ్‌వే నిండా కార్లు, గడ్డి నిండా చీరలు, పిల్లలు. పాస్టరు గారు చిన్న ప్రార్థన చేసి వేలం మొదలుపెట్టారు. సుందర్ రాజ్ గారు మొదటి పాటే పెద్దది పాడారు. జనం "ఓహో" అన్నారు. ఎవరో ఇంకొంచెం పెంచారు, ఆయన అంతకు మించి పెంచారు. ఆనపకాయల దగ్గర ఆరితేరిన ఇంజనీర్లు కూడా పంతంలోకి దిగారు. ఎంత దాకా వెళ్ళిందో నేను చెప్పను. మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్న సుందర్ రాజ్ గారిని చూడటానికే డబ్బు ఇవ్వొచ్చు.

"ఏమిటీ గొడవ? ఎవరైనా కొట్టుకుంటున్నారా?" అని క్రౌస్ గారు అడిగింది. విమలక్క చెవిలో మొత్తం చెప్పింది, ప్రథమ ఫలం అంటే ఏమిటో, ఈ అరుపులు ఎందుకో. ముసలావిడ శ్రద్ధగా విని, ఇప్పటి పాట ఎంత అని అడిగింది. విమలక్క చెప్పింది. వెంటనే ముసలావిడ చేతికర్ర పైకెత్తి, గొంతు చించుకుని దానిమీద ఒక్క డాలరు పెంచి పాడింది.

అందరూ సుందర్ రాజ్ గారి వైపు చూశారు. ఆయన అప్పటికే నోరు తెరిచి ఉన్నారు. కుర్చీలో ఉన్న ముసలావిడని చూశారు. నోరు మూసుకుని, రెండు చేతులూ కట్టుకుని తల దించుకున్నారు.

"ఒకటోసారి. రెండోసారి. మూడోసారి," అన్నారు పాస్టరు గారు. "పాదరక్ష పుష్పం మిసెస్ క్రౌస్ గారిది."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ముసలావిడ, "గెలిచినది నాదేనా? నా ఇష్టమేనా?" అని అడిగింది. మీ ఇష్టమే అని విమలక్క చెప్పింది.

"అయితే కత్తెర తీసుకురా."

విమలక్క కదల్లేదు. సుందర్ రాజ్ గారి మొహంలో రక్తం లేదు. "వద్దండీ, ప్లీజ్ మేడమ్," అని అడుగు ముందుకేశారు. ముసలావిడ చెయ్యి చాచి ఉంచింది, దించలేదు. చివరికి విమలక్కే లోపలికి వెళ్ళి, వంటింటి కత్తెర తెచ్చి, ఆ చేతిలో పెట్టింది.

ముసలావిడ కళ్ళు మూసుకుంది. ఎడమ చేతి వేళ్ళతో ఒక పువ్వుని తాకింది. ఆ పసుపు సంచి కింద నుంచి కాడ మీదుగా వేళ్ళు మెల్లగా కిందికి దిగాయి. పైనున్న మొదటి ఆకు తగలగానే ఆగిపోయాయి. ఆ ఆకుకి పైన కత్తెర పెట్టి టక్కున కోసింది. పొట్టి తొడిమతో పువ్వు ఆవిడ చేతిలోకి వచ్చింది. కాడ, ఆకులన్నీ అలాగే నిలబడి ఉన్నాయి.

"ఆయన ఎక్కడ?" అంది. సుందర్ రాజ్ గారు ముందుకొచ్చి గడ్డిలో మోకరించారు. ఆయన దోసిట్లో పువ్వు పెట్టింది. "ఇదీ కొయ్యాల్సిన చోటు. పువ్వు ఇచ్చేస్తే మొక్కకేమీ కాదు. ఆకులు మాత్రం దానివి, వాటి జోలికి వెళ్ళకూడదు. తీసుకెళ్ళి మీ దేవుడి దగ్గర పెట్టు. రెండోది నాది."

"మరి నాతో అసలు కొయ్యనే వద్దన్నారు కదా!" అంది విమలక్క, ఆశ్చర్యంగా.

"నువ్వు పువ్వు దగ్గర ఆగుతావు," అంది ముసలావిడ. "మగవాళ్ళు ఆగరని అలా చెప్పాను."

పెరడంతా పగలబడి నవ్వింది. అందరికన్నా పెద్దగా నవ్వింది సుందర్ రాజ్ గారే. దోసిట్లో పువ్వు ఉంది కాబట్టి కళ్ళు తుడుచుకోవడం కుదర్లేదు. పొడుగాటి ఇత్తడి కూజాలో ఆ పొట్టి తొడిమ నిలవదని, విమలక్క ఒక స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి తెచ్చింది. అది రోజూ ఆయన పప్పు తినే గిన్నె.

భోజనాలై అందరూ వెళ్ళిపోయాక కూడా క్రౌస్ గారు లేవలేదు. తల పక్కకి తిప్పి, మిగిలిన పువ్వుని చూస్తూ కూర్చుంది. చలిగాలి మొదలైతే విమలక్క శాలువా తెచ్చి కప్పింది.

"వచ్చే ఏడు కూడా పిలువు," అంది ముసలావిడ. శాలువా దగ్గరకి లాక్కుని, "అప్పటికి ఇది కనబడుతుందో లేదో," అంది.

విమలక్క ఆవిడ చెయ్యి పట్టుకుని, పువ్వు మీద పెట్టింది.

"పిలుస్తాను. మీరు దీన్ని చూడటానికి కళ్ళు అక్కర్లేదని ఇందాక అందరం చూశాంగా," అంది.